కుండ, కుమ్మరి, పుట్ట: ఈశ్వరానుమానం చుట్టూ వెయ్యేళ్ల వివాదం

వేదప్రామాణ్యాన్ని నిలబెట్టడానికి 7వ శతాబ్దంలో అందరికంటే ఎక్కువ శ్రమపడిన కుమారిలభట్టు, ఈ జగత్తుకు కర్త ఒకడున్నాడన్న మాటను ఒప్పుకోలేదు. విష్ణుభక్తికి వేదాంతంలో గట్టి పునాది వేసిన రామానుజులు, జగత్తును చూపించి తర్కంతో ఈశ్వరుణ్ణి సాధించడం కుదరదని శ్రీభాష్యంలో విస్తరించి వాదించారు. వీరిద్దరి నడుమ కాలంలో మిథిలా పండితుడు ఉదయనుడు ఆ తర్కాన్నే నమ్ముకుని ఈశ్వరసిద్ధి కోసం ఒక గ్రంథమే రాశాడు. కనుక ఈ వివాదాన్ని ఆస్తికులకూ నాస్తికులకూ జరిగిన పోరుగా చదివితే ఎవరు ఎవరివైపున్నారో బోధపడదు. వేదం ఎందుకు ప్రమాణం అన్న ప్రశ్నకు ఎవరు ఏ సమాధానం చెప్పారో ముందు చూడాలి. ఈశ్వరుణ్ణి గురించి వారన్న మాట చాలావరకు ఆ సమాధానాన్ని వెన్నంటి వచ్చిందే.

గౌతముని న్యాయసూత్రాల నాలుగో అధ్యాయంలో ఈశ్వర ప్రస్తావన మూడు సూత్రాలకు మించదు. మనిషి పడిన పాటుకు ఒక్కోసారి ఫలం దక్కదు, కాబట్టి ఫలమిచ్చే ఈశ్వరుడు కారణమన్నది మొదటిది. అలాగైతే ఏ పాటూ పడకుండానే ఫలం రావాలి కదా అన్నది రెండోది. పాటుకు ఈశ్వరుడు తోడవుతాడన్నది మూడోది. ఇందులో సూత్రకారుడి సొంత మతమెంత, ఎదుటివారి మాట ఎంత అన్నది పండితుల్లో నేటికీ తెగలేదు. ఆ సంప్రదాయంలోనే తరువాత ఉద్ద్యోతకరుడు రాసిన వార్తికానికి వచ్చేసరికి మాత్రం సందేహానికి తావు లేదు. పరమాణువులు జగత్తుకు ఉపాదానం, అంటే ముడిపదార్థం, జీవుల ధర్మాధర్మాలు సహకారులు, వాటిని నడిపే నిమిత్తకారణం ఈశ్వరుడు అంటాడతడు.

ఈశ్వరానుమానమనే ఆ వాదం వినడానికి చాలా తేలిక. అనుమానమంటే ఇక్కడ సందేహం కాదు, హేతువును బట్టి ఊహించి తెలుసుకోవడం. కుండ ఒక కార్యం, దానికి చేసినవాడున్నాడు. భూమి, మొలక వంటివీ కార్యాలే, కాబట్టి వాటికీ చేసినవాడుండాలి. కుమ్మరి ఆ పని చేయలేడు గనుక, పరమాణువులను ఎరిగి, సంకల్పించి, కూర్చగల సర్వజ్ఞుడే ఆ కర్త.

న్యాయశాస్త్రాన్ని అనుసరించే నైయాయికులకు ఇది ఎందుకింత అవసరమైంది? వారి దృష్టిలో ఏ మాటా తనంతట తాను ప్రమాణం కాదు. తెలిసి, నిజం చెప్పాలన్న కోరికతో చెప్పిన ఆప్తుడి మాటే ప్రమాణం. ఆయుర్వేదాన్ని ఎందుకు నమ్ముతామో వేదాన్నీ అందుకే నమ్మాలని న్యాయసూత్రమే అంటుంది. తరువాతి నైయాయికులకు ఆ ఆప్తుడు ఈశ్వరుడే అయ్యాడు. మరి ఈశ్వరుడున్నాడని ఎలా తెలుసు? వేదం చెప్పింది కాబట్టి అంటే, వేదానికి ఈశ్వరుడు పూచీ, ఈశ్వరుడికి వేదం పూచీ అవుతాయి. శాస్త్రకారులు దీన్ని అన్యోన్యాశ్రయ దోషమంటారు. వేదంతో నిమిత్తం లేకుండా ఈశ్వరుణ్ణి చూపగలిగితేనే నైయాయికుడికి వేదం దక్కుతుంది.

ఈ వాదానికి మొదటి గట్టి దెబ్బ బౌద్ధ తార్కికుల నుంచి తగిలింది. ఆ తర్కానికి మూలపురుషుడైన దిఙ్నాగుడికి మన నేలతో సంబంధముంది. 7వ శతాబ్దంలో ఆంధ్రదేశానికి వచ్చిన చైనా యాత్రికుడు హ్యూయెన్‌త్సాంగ్, వేంగికి నైరుతి దిక్కున ఒక ఒంటరి కొండ మీద స్తూపం చూశానని, దిఙ్నాగుడు హేతుశాస్త్రం రాసింది అక్కడేనని రాసిపెట్టాడు. దిఙ్నాగుడి మార్గాన్ని పెంచిన ధర్మకీర్తి, ప్రమాణవార్తికంలో కుండ ఉదాహరణనే పట్టుకున్నాడు. కుండ మట్టితో అయిన రూపం, కుమ్మరి చేశాడు. చెదల పుట్ట కూడా మట్టితో అయిన రూపమే. పుట్టను చూసి కుమ్మరిని ఊహిస్తామా? రెంటికీ ఒకే పేరు పెట్టగలిగినంత మాత్రాన రెంటికీ ఒకే రకం కారణం ఉండదు. ఏ రూపం ఎవరి చేతి మీదుగా వస్తుందో మనం చూసి ఎరిగి ఉంటేనే ఆ రూపం ఆ కర్తను సూచిస్తుంది. ధర్మకీర్తి ఇంకొకటీ అడిగాడు. కత్తి వల్ల గాయమైంది, మందు వల్ల మానింది. ఈ రెంటితో సంబంధం లేని మోడును కారణమని ఎవరూ అనరు. ఏ మార్పూ లేని నిత్యుడైన ఈశ్వరుణ్ణి కారణమనడం అంతకంటే ఎలా భిన్నం?

పుట్ట ఉదాహరణ ఈ వివాదం మొత్తంలో అత్యంత పదునైన ఆయుధమని నా అభిప్రాయం. కుండను చూసినప్పుడు మనకు కలిగే నిశ్చయం ‘కార్యం’ అన్న సాధారణ లక్షణం వల్ల వచ్చింది కాదని, కుమ్మరివాడలో చూసిన అనుభవం వల్ల వచ్చిందని అది తేల్చి చెబుతుంది. తరువాతి నైయాయికుల శ్రమంతా దీనికి సమాధానం వెతకడమే.

కుమారిలుడి దాడి వేరే దిక్కు నుంచి వచ్చింది. అతడి వంటి మీమాంసకుడికి వేదం అపౌరుషేయం, అంటే దాన్ని ఎవరూ రచించలేదు. రచించినవాడు లేడు కాబట్టే అందులో రచయిత దోషాలూ ఉండవు. అలాంటప్పుడు వేదానికి ఈశ్వరుణ్ణి కర్తగా తేవడం వేదానికి మేలు కాదు, ముప్పు. శ్లోకవార్తికంలోని సంబంధాక్షేపపరిహార ప్రకరణంలో అతడు గుక్కతిప్పుకోనివ్వకుండా ప్రశ్నలు గుప్పించాడు. ఏమీ లేనప్పుడు ప్రజాపతి ఎక్కడ నిలబడ్డాడు? అతడికి ఒళ్లుందా? ఉంటే ఆ ఒంటిని చేసిందెవరు? లేకపోతే పని ఎలా చేశాడు? దయతో సృష్టించాడంటే, జీవులే లేనప్పుడు దయ ఎవరి మీద? దయే కారణమైతే సుఖమే నిండిన లోకం చేసి ఉండాలి కదా? దుఃఖం లేకుండా సృష్టి కుదరదంటే అతడి స్వాతంత్ర్యం ఏమైంది? ప్రయోజనం లేకుండా మందబుద్ధి కూడా పనికి పూనుకోడు. లీల అంటే, ఇంత బరువైన పనిని ఆట అనడం ఎలా? చివరికి సృష్టికర్తే ఎదురుగా వచ్చి ‘ఇదంతా నేనే చేశాను’ అన్నా నమ్మలేమన్నాడు కుమారిలుడు. తన గొప్ప చాటుకోవడానికి అలా అని ఉండవచ్చు కదా! అతడి మతంలో మహాప్రళయం లేదు, ఆదిసృష్టీ లేదు. లోకం ఎప్పుడూ ఇలాగే సాగుతోంది, గురువు నోట శిష్యుడు వేదం నేర్చుకోవడం కూడా.

ఈ మాటలు రాసినవాడు దైవద్వేషి కాడు. శ్లోకవార్తికం మొదటి శ్లోకమే చంద్రవంక ధరించిన దేవుడికి నమస్కారం. దాన్ని యజ్ఞానికి కూడా అన్వయించవచ్చని వ్యాఖ్యాత పార్థసారథిమిశ్రుడు చూపించాడు. కుమారిలుడి పేచీ పూజతో కాదు, వేదానికి బయటి పూచీదారు కావాలన్న వాదంతో.

శంకరాచార్యులు ఇదే దారిలో కొంతదూరం నడిచారు. బ్రహ్మం శ్రుతివల్లనే తెలుస్తుంది, యుక్తి శ్రుతికి తోడుగా ఉండాలన్నారు. కేవలం నిమిత్తకారణమైన ఈశ్వరుణ్ణి ఒప్పుకుంటే, ఎక్కువ తక్కువ జీవులను సృష్టించిన అతడికి రాగద్వేషాలు అంటుతాయని బ్రహ్మసూత్రభాష్యం రెండో అధ్యాయంలో ఖండించారు. జైన తార్కికులూ సృష్టికర్తను నిరాకరించారు. 8వ శతాబ్దంలో శాంతరక్షితుడి తత్త్వసంగ్రహంలో ఈశ్వరపరీక్షకు ఒక ప్రకరణమే ఉంది. ఇన్ని వైపుల నుంచీ దెబ్బలు తిన్న వాదాన్ని ఉదయనుడు చేతికి తీసుకున్నాడు.

ఉదయనుడి లక్షణావళిలో శకం 906 అన్న కాలనిర్దేశం కనిపిస్తుంది, అంటే క్రీ.శ. 984. ఆ పాఠాన్ని ఒప్పుకోనివారు అతణ్ణి 11వ శతాబ్దానికి తెస్తారు. అతడి న్యాయకుసుమాంజలి అయిదు స్తబకాల గ్రంథం, ఒక్కో స్తబకం ఒక్కో ఆక్షేపానికి జవాబు. ఆరంభమే అపూర్వంగా ఉంటుంది. ఔపనిషదులు ఒక పేరుతో, సాంఖ్యులు మరో పేరుతో, బౌద్ధులు సర్వజ్ఞుడని, చివరికి శిల్పులు విశ్వకర్మ అని, అందరూ ఎవరినో ఒకరిని కొలుస్తూనే ఉన్నారు, మరి సందేహమెక్కడ అని తానే అడుగుతాడు. అయినా ఈ విచారణ ఎందుకంటే, శ్రవణం తరువాత వచ్చే మననం ఇదే, ఇది ఉపాసనే అంటాడు. వాదించడాన్ని పూజగా చేసిన మనిషి ఉదయనుడు. ఈ మాట కోసమైనా ఆ గ్రంథాన్ని చదవాలనిపిస్తుంది నాకు.

కనబడడు కాబట్టి లేడన్న చార్వాకుడికి అతడిచ్చిన జవాబు ప్రసిద్ధం. కనబడకపోవడమే లేకపోవడమైతే, ఇల్లు దాటి బయటికి వచ్చిన చార్వాకుడు భార్యాబిడ్డలు లేరని గుండెలు బాదుకోవాలి. కనబడదగిన వస్తువు కనబడకపోతేనే లేదనాలి. ఈశ్వరుడు కంటికి కనబడదగినవాడని ఎవరన్నారు? మీమాంసకుడికిచ్చిన జవాబు ఇంతకంటే లోతైనది. వేదసంప్రదాయం అనాదిగా తెగకుండా వస్తోందంటున్నారు. కానీ మన కళ్లముందే శాఖలు లోపిస్తున్నాయి, అధ్యయన శక్తి తగ్గుతోంది, అనుష్ఠానం సన్నగిల్లుతోంది. తరిగేది ఒకనాటికి తెగుతుంది. తెగినదాన్ని మళ్లీ మొదలుపెట్టేవాడు కావాలి కదా! వేదం క్షీణిస్తోందన్న బాధను ఈశ్వరసాధనకు హేతువుగా మలచిన ఘట్టమిది.

చివరి స్తబకంలో అతడు హేతువులను వరుసగా పేర్చాడు. కార్యం, పరమాణువుల తొలి కలయిక, లోకం పడిపోకుండా నిలవడం, చేతివిద్యలూ భాషా మొదట నేర్పినవాడుండాలనడం, వేదప్రామాణ్యం, చివరికి సంఖ్య పుట్టుక కూడా అందులో ఉన్నాయి. అన్నిటికీ వెన్నెముక మాత్రం కుండ, కుమ్మరే. కర్తకు ఒళ్లుండాలి కదా అన్న ఆక్షేపానికి న్యాయసంప్రదాయం ఇచ్చే జవాబు ఇది: వంటింట్లో పొగతో చూసిన నిప్పుకున్న విశేషాలన్నీ కొండ మీద పొగ చూసి ఊహించిన నిప్పుకూ ఉండాలని అడిగితే ఏ అనుమానమూ నిలవదు.

ఇదే కాలంలో గంగ ఒడ్డున విక్రమశిలలో జ్ఞానశ్రీమిత్రుడు, అతడి శిష్యుడు రత్నకీర్తి ఈ వాదాన్ని చీల్చి చూశారు. జ్ఞానశ్రీని పేరెత్తి ఖండించినవాడు ఉదయనుడు. రత్నకీర్తి గురిపెట్టింది త్రిలోచనుడు, వాచస్పతిమిశ్రుడు వంటి ముందుతరం నైయాయికుల మీద. అతడి ఈశ్వరసాధనదూషణంలోని ప్రశ్న ఇది: కార్యమున్న చోటల్లా కర్త ఉంటాడన్నప్పుడు, కంటికి కనబడగల కర్తా, ఏ కర్తయినా సరేనా? కనబడగలవాడే అయితే, అడవిలో తనంతట మొలిచిన మొక్క దగ్గర ఎవరూ కనబడలేదు, ఆ నియమం, అంటే వ్యాప్తి, అక్కడే చెడింది. కనబడనివాడూ లెక్కేనంటే, అలాంటివాడు ఒకచోట లేడని ఎన్నటికీ తేల్చుకోలేం. ‘కర్త లేనిచోట కార్యం లేదు’ అని చూపలేనప్పుడు వ్యాప్తి ఎలా నిలుస్తుంది? ఈ గ్రంథాల సంస్కృత మూలాలు భారతదేశంలో మాయమయ్యాయి. 1930లలో రాహుల్ సాంకృత్యాయన్ టిబెట్ మఠాల్లో తాళపత్రాలు చూసి ఛాయాచిత్రాలు తెచ్చాక, అనంతలాల్ ఠాకూర్ పరిష్కరణలో రత్నకీర్తి నిబంధాలు 1957లో పాట్నా నుంచి వెలువడ్డాయి. అంటే అనేక శతాబ్దాలు మన పండితులు ఈ వివాదంలో ఒక పక్షం మాటనే వింటూ వచ్చారు.

బౌద్ధ విహారాలు అంతరిస్తున్న కాలానికి అసలు ఆక్షేపం వైష్ణవుల నుంచే రావడం ఈ చరిత్రలో నన్ను అన్నిటికంటే ఆకర్షించిన సంగతి. రామానుజుల పరమగురువు యామునాచార్యుల ఈశ్వరసిద్ధి అసంపూర్ణంగా దొరికింది. దొరికినంతలో ఆయన మీమాంసకుల ఆక్షేపాలకు నైయాయికుల బాణీలోనే సమాధానం చెబుతారు. రామానుజులు ఆ దారి పట్టలేదు. బ్రహ్మసూత్రాల మూడో సూత్రం దగ్గర ఆగి, అనుమానాన్ని కుమారిలుడంత కఠినంగా పరీక్షించారు. భూమి, సముద్రం కార్యాలే అనుకున్నా, అవన్నీ ఒకే కాలంలో ఒకే కర్త చేశాడనడానికి ఆధారమేది? అనేక కాలాల్లో అనేకులు చేసి ఉండవచ్చు. మనుషులకు అంత శక్తి లేదంటే, పుణ్యవిశేషంతో అద్భుతశక్తి పొందిన జీవులు చేసి ఉండవచ్చు. ఒళ్లు లేని కర్తను ఎవరూ చూడలేదు. కుండ ఉదాహరణను ఎంత గట్టిగా పట్టుకుంటే జగత్కర్త అంతగా కుమ్మరిని పోలి ఉంటాడు, అల్పజ్ఞుడుగా, దేహధారిగా, పనిముట్లకు లోబడినవాడుగా. సకల కల్యాణగుణాలున్న పరబ్రహ్మం శాస్త్రంవల్లనే తెలుస్తుందని వారి నిర్ణయం.

వేదం స్వతఃప్రమాణం అని నమ్మినవారికి అనుమానంతో పనిలేకపోయింది. అయితే రామానుజుల మాట వెనుక అంతకంటే ఎక్కువ ఉంది. వారి దేవుడు ప్రేమించేవాడు, శరణన్నవారిని చేరదీసేవాడు. మొలకను చూసి ఊహించిన కర్తకు ఆ గుణాలు ఏ హేతువు వల్ల వస్తాయి? నైయాయికుడికి ఈ ప్రశ్నకు సరైన జవాబు లేదని నేననుకుంటాను. ఇక్కడ రామానుజులదే పైచేయి. అలాగని ఉదయనుడి శ్రమ వృథా అనలేం. వేదాన్ని ఒప్పుకోని మనిషితో మాట్లాడాలంటే ఇద్దరికీ సమ్మతమైన నేల ఒకటి కావాలి. ఆ నేల మీద నిలబడి మాట్లాడింది అతడే. కుసుమాంజలి చివర, శ్రుతియుక్తుల నీళ్లతో ఇంతగా కడిగినా ఎవరి గుండెల్లో నీకు చోటు దొరకలేదో వారివి రాతిగుండెలంటూనే, ఎదురు నిలిచి అయినా వారు నిన్నే తలచారు కనుక కాలం వచ్చినప్పుడు వారినీ నువ్వే దయతో చూడాలని ఈశ్వరుణ్ణి వేడుకుంటాడు. ప్రతివాదుల కోసం ఇలాంటి ప్రార్థనతో ముగిసిన వాదగ్రంథం మరొకటి నాకు తెలియదు.

14వ శతాబ్దంలో గంగేశుడు తత్త్వచింతామణిలో ఈ అనుమానాన్ని నవ్యన్యాయ పరిభాషలో మళ్లీ చెప్పాడు. దాన్ని బాలశిక్ష స్థాయికి తెచ్చినవాడు 17వ శతాబ్దపు తెలుగు పండితుడు అన్నంభట్టు. కాశీకి వెళ్లినంత మాత్రాన అన్నంభట్టు కాలేరని నానుడి పుట్టేంత పేరు తెచ్చుకున్నాడాయన. తన తర్కసంగ్రహానికి తానే రాసిన దీపికలో ఈశ్వరానుమానాన్ని ఒక్క వాక్యంలో కుదించి, శ్రుతివాక్యాన్ని దానికి తోడు తెచ్చాడు. ఉపాదానాన్ని ప్రత్యక్షంగా ఎరగడం, చేయాలన్న కోరిక, ప్రయత్నం ఉన్నవాడు కర్త అని నిర్వచించాడు. దేహం ఊసు అందులో లేదు. ధర్మకీర్తి, కుమారిలుడు, రామానుజులు అడిగిన ప్రశ్నల బరువంతా ఆ నిర్వచనం మోస్తోంది.

సంస్కృత పాఠశాలల్లో తర్కానికి నేటికీ తొలిపుస్తకం తర్కసంగ్రహమే. దీపికలోని ఆ వాక్యం దగ్గరికి వచ్చిన గురువులు ఒక్కరోజు ఆగి, రత్నకీర్తి ప్రశ్ననూ శ్రీభాష్యంలోని ఆ అధికరణాన్నీ దాని పక్కనే ఉంచి విద్యార్థులకు పాఠం చెప్పాలని నా విన్నపం. పూర్వపక్షం పూర్తిగా వినకుండా సిద్ధాంతం చెప్పడం మన శాస్త్రాల పద్ధతి కాదు.