మౌలాలి గుట్ట క్రింద ఒక తల్లి సమాధి

శతవార్షిక సంచికకు మన ప్రాంతపు పాత చరిత్ర ఏదైనా వ్రాయమని సంపాదకులు కోరినప్పుడు, ఉప్పల్, నాచారంలకు అంత చరిత్ర ఎక్కడిదని మొదట అనుకొన్నాను. ఈ ప్రాంతమంటే మనకు ఫ్యాక్టరీలు, కాలనీలు, 2017 నుండి మెట్రో రైలు. కాని నాచారం నుండి మల్లాపూర్ మీదుగా మౌలాలి వైపు పోతే, గుట్ట పాదము దగ్గర ప్రహరీ గల ఒక తోట ఉన్నది. అందులో తల్లీ కూతుళ్ళు ఒకే చోట నిద్రించుచున్నారు. కూతురు మహలఖా బాయి చందా. ఆమె పేరు చరిత్ర పుస్తకాలలో ఉన్నది. తల్లి పేరు రాజ్ కున్వర్ బాయి. 1792లో ఆ సమాధి మందిరమును కూతురు కట్టించినది ఈ తల్లి కొరకే. అయినా అక్కడికి పోయేవారు కూతురి పేరే చెప్పుకొంటారు. అందుచేత నేను తల్లిని గురించి వ్రాయదలచినాను.

ముందుగా ఒక మాట. వీరు దర్బారులలో పాడి, నాట్యమాడి బ్రతికిన స్త్రీలు. చర్చి సంచికలో వీరి కథ ఏమిటని మన పెద్దలలో కొందరు నొసలు చిట్లించవచ్చు. యేసు ప్రభువు వంశావళిలో రాహాబు పేరు వ్రాయుటకు మత్తయి జంకలేదు గదా! నేనెందుకు జంకవలెను?

ఈ కుటుంబపు కథ గుజరాతులో మొదలైనది. రాజ్ కున్వర్ అసలు పేరు మైదా బీబీ. తండ్రి సర్కారు ఉద్యోగి. సర్కారు సొమ్ము వాడుకొని, లెక్క అప్పగించలేక, భార్యాబిడ్డలను విడిచి పారిపోయినాడు. ఆ భార్య పేరు చందా బీబీ. భర్త చేసిన బాకీ ఆమె నెత్తిన పడినది. తీర్చే దారి లేదు. బిడ్డలను వెంటబెట్టుకొని ఊరు విడిచినది. అడవి దారిన నడచి, రాజపుతానా వైపునున్న దేవలియా అనే చిన్న సంస్థానము చేరినది. అరణ్యములో బిడ్డతో తిరిగిన హాగరును మనము ఎరుగుదుము. చందా బీబీ వెంట ముగ్గురు ఆడపిల్లలు, వారితో మగపిల్లలు కూడ ఉన్నారు.

దేవలియాలో వారిని ఆదరించినది రాజులు కాదు, బంధువులు కాదు. ఊరూరా తిరిగి ఆడి పాడే భగతియాలనే కళాకారులు. నూర్ బీబీ, పోలన్ బీబీ, మైదా బీబీ ముగ్గురును వారి దగ్గరే పాట, నాట్యము నేర్చుకొన్నారు. గౌరవముగా బ్రతికిన ఇంటి పిల్లలు కాళ్ళకు గజ్జెలు కట్టుకొన్నారు. ఆకలి తీరినది.

అక్కడి రాజవంశీకుడు సలీం సింగ్ మైదా బీబీని చేరదీసినాడు. ఆమెకు మెహతాబ్ అనే కూతురు పుట్టినది. అంతట రాణివాసములో అసూయ రగిలి, మరల పారిపోవలసి వచ్చినది. చిన్నతనమున తల్లి వెంట నడచిన పిల్ల, ఈసారి తన బిడ్డతో నడచినది. బుర్హాన్‌పూర్ చేరి, అక్కడి నుండి నిజాం సైన్యము వెంట ఔరంగాబాదు వచ్చినారు. పాత పేర్లు విడిచినారు. మైదా బీబీ రాజ్ కున్వర్ బాయి అయినది. సైన్యము వెంట ఆడవారు ప్రయాణము చేయుట ఎంత కష్టమో, ఎంత అపాయమో చెప్పనక్కరలేదు. ఒంటరిగా పోవుటకంటె అదే క్షేమమని వారికి తోచినదేమో!

ఈ వివరాలు మహలఖా బాయి ప్రోత్సాహము మీద గులాం హుసేన్ ఖాన్ జౌహర్ వ్రాసిన చరిత్ర ద్వారా మనకు అందినవి. తన వంశకథ తానే వ్రాయించుకొన్నది గనుక కొంత మెరుగు పెట్టించి ఉండవచ్చు. అయితే తాత సర్కారు సొమ్ముతో చిక్కుపడి పారిపోయిన సంగతి దాచిపెట్టలేదు. అది చదివిన తరువాతనే నాకు తక్కిన కథ మీద నమ్మకము కుదిరినది. మనలో ఎంతమందిమి మన కుటుంబ చరిత్రలలో అటువంటి వాక్యము ఉండనిస్తాము?

నిజాం అలీ ఖాన్ కాలములో హైదరాబాదు రాజధాని అయినది. మొగలు చక్రవర్తి మహమ్మద్ షా కొలువులో పనిచేసి దక్కనుకు వచ్చిన బహదూర్ ఖాన్‌ను రాజ్ కున్వర్ వివాహమాడినది. గర్భవతిగా ఉన్న దినములలో ఆమె మౌలాలి గుట్టకు యాత్ర వచ్చినది. కుతుబ్ షాహీల కాలము నుండి ఆ గుట్ట మీద అలీ పేర దర్గా ఉన్నది. అక్కడ ఆమెకు నెలలు నిండక ముందే గర్భము పోయే ప్రమాదము వచ్చినదట. వెంట ఉన్న తజల్లీ అలీ షా ఆ కాలమున పేరుగాంచిన చిత్రకారుడు, చరిత్రకారుడు. ఆయన పరుగున దర్గాలోనికి పోయి, దారము, ధూపము తెచ్చి ఇచ్చినాడని చెప్పుదురు. గర్భము నిలిచినది. 1768లో ఆడపిల్ల పుట్టినది. ఆ పిల్లకు అమ్మమ్మ పేరే పెట్టినారు. అడవి దాటి వచ్చిన చందా బీబీ పేరు.

ఈ రెండవ చందాయే మహలఖా బాయి. బిడ్డలు లేని మెహతాబ్ ఆమెను పెంచుకొన్నది. మెహతాబ్ అప్పటికి దివాను రుక్నుద్దౌలా ఇంటిలో ఉన్నది గనుక పిల్లకు మంచి చదువు, సంగీతము, గుర్రపు స్వారీ, విలువిద్య అబ్బినవి. కౌలాస్, నిర్మల్, పానగల్ దండయాత్రలకు నిజాం వెంట పురుష వేషములో పోయినది. 1798లో 125 గజళ్ళతో ఆమె దీవాను సిద్ధమైనది. ఉర్దూలో దీవాను కూర్చిన మొదటి స్త్రీ ఆమే అని చాలా కాలము చెప్పుకొన్నారు. మరొక హైదరాబాదు కవయిత్రి లుత్ఫున్నీసా ఇంతియాజ్ దీవాను ఒక ఏడాది ముందే వచ్చినదని తరువాత తేలినది. ఏది ముందైనా రెండును మన ఊరివే. ఆమెకు వచ్చిన జాగీరులలో అడిక్‌మెట్ ఒకటి. మెట్రోలో ఉప్పల్ నుండి తార్నాక దాటి పోవునప్పుడు ఉస్మానియా విశ్వవిద్యాలయపు ఆవరణ వస్తుంది గదా, ఆ భూములు ఒకప్పటి ఆ జాగీరులోనివే.

ఇంత సంపద గల కూతురు తల్లి సమాధికి నగరములో ఎక్కడ కోరితే అక్కడ స్థలము దొరికేది. గుట్ట క్రిందనే ఎన్నుకొన్నది. తల్లి ప్రాణము, తన ప్రాణము ఒక్కసారే దక్కిన చోటు అది. తోట వేయించి, మసీదు కట్టించి, మెట్ల బావి త్రవ్వించినది. తాను పెండ్లి చేసుకొనలేదు. అనేకమంది ఆడపిల్లలను తెచ్చి పెంచినది. 1824లో చనిపోయినప్పుడు తన ఆస్తిని నిలువ నీడలేని స్త్రీలకు చెందునట్లు వ్రాసిపోయినదని అంటారు. అమ్మమ్మ కథ ఇంటిలో వినియుండుటచేతనే ఆ ఆలోచన వచ్చినదని నా ఊహ. ఆమెను కూడ తల్లి దగ్గరనే సమాధి చేసినారు.

తరువాత చాలా కాలము ఆ చోటును పట్టించుకొన్నవారు తక్కువ. ముళ్ళపొదలు పెరిగి, గోడలు పాడైనవి. 2010, 2011 ప్రాంతములో అమెరికా ప్రభుత్వపు సాంస్కృతిక నిధి సహాయముతో, చరిత్ర పండితుడు స్కాట్ కూగల్ చొరవతో దానిని బాగుచేసినారు. ఎక్కడి అమెరికా, ఎక్కడి మౌలాలి! ప్రక్కనే ఉన్న మనకు పట్టలేదు. నాచారంలో కాపురముండి నేను కూడ ఎన్నో ఏండ్లు ఆ దారిన పోతూ ఆగలేదు.

ఆదివారము ఆరాధన తరువాత పోదలచిన వారికి ఉప్పల్ నుండి హబ్సిగూడ, నాచారం మీదుగా దారి. సమాధుల దగ్గర చెప్పులు విడువవలెను. మెట్ల బావి దగ్గర పిల్లల చేయి వదలవద్దు.