నిద్ర నేర్చిన ప్రాసెసర్

ప్రాసెసర్ విద్యుత్తును పొదుపు చేయడమంటే నెమ్మదిగా పనిచేయడమేనన్న అభిప్రాయం తరచుగా వినిపిస్తుంది గాని, ల్యాప్‌టాప్ ప్రాసెసర్ల తొలి రెండు దశాబ్దాల చరిత్ర దాన్ని సగమే సమర్థిస్తుంది.

1990లో ఇంటెల్ విడుదల చేసిన 386ఎస్ఎల్ ప్రాసెసర్‌ను ప్రత్యేకించి ల్యాప్‌టాప్‌ల కోసమే రూపొందించారు. నడుస్తున్న ప్రోగ్రాముకు తెలియకుండానే పనిని మధ్యలో ఆపి, వాడకంలో లేని భాగాలకు విద్యుత్తు తగ్గించి, తిరిగి ఆపిన చోటనే అందుకునే ‘సిస్టమ్ మేనేజ్‌మెంట్ మోడ్’ దానితోనే వచ్చింది. ఈ పెత్తనం మొదట్లో బయాస్‌ది, అంటే యంత్రం ఆన్ కాగానే అన్నిటికన్నా ముందు నడిచే మూల ప్రోగ్రాముది. కీబోర్డు మెదలడం లేదని గమనించగలిగిన బయాస్‌కు లోపల ఏ లెక్క సాగుతోందో తెలిసే వీలు లేదు కనుక, 1996 డిసెంబరులో ఇంటెల్, మైక్రోసాఫ్ట్, తోషిబా కలిసి వెలువరించిన ఏసీపీఐ ప్రమాణం ఆ అధికారాన్ని ఆపరేటింగ్ సిస్టమ్‌కు అప్పగించింది.

ఎంత తగ్గించాలన్నది మాత్రం భౌతికశాస్త్రానికి సంబంధించిన చిక్కు. సీమాస్ పద్ధతిలో తయారైన చిప్‌లలో ట్రాన్సిస్టర్లు ప్రధానంగా స్థితి మారేటప్పుడే విద్యుత్తు తీసుకుంటాయి. ఆ ఖర్చు గడియార వేగానికీ, అంటే సెకనుకు ప్రాసెసర్ వేసే అడుగుల సంఖ్యకూ, వోల్టేజి వర్గానికీ అనులోమానుపాతంలో ఉంటుంది. వేగం ఒక్కదాన్నే సగం చేస్తే పనికి పట్టే సమయం రెట్టింపై, ఆ పనికయ్యే మొత్తం శక్తి ఏమాత్రం తగ్గదు, పైపెచ్చు అంతసేపూ తెర వెలుగుతూనే ఉండాలి. లాభమంతా వోల్టేజి తగ్గించడంలో ఉంది; అది తగ్గితే ట్రాన్సిస్టర్లు మందగిస్తాయి కాబట్టి వేగాన్నీ వదులుకోక తప్పదు. పని భారాన్ని బట్టి ఈ రెండింటినీ ఆపరేటింగ్ సిస్టమే సవరించవచ్చని జెరాక్స్ పార్క్ పరిశోధనశాలకు చెందిన మార్క్ వైజర్ బృందం 1994లోనే ప్రతిపాదించింది.

2000 జనవరిలో ఇంటెల్ ‘స్పీడ్‌స్టెప్’ అనే పద్ధతితో తెచ్చిన 650 మెగాహెర్ట్జ్ పెంటియం 3, ఛార్జరు తీయగానే 500 మెగాహెర్ట్జ్‌కు దిగి, 1.6 వోల్టుల బదులు 1.35 వోల్టులతో నడిచేది. లెక్క వేస్తే విద్యుత్తు వాడకం రేటు సుమారు 45 శాతం తగ్గగా, పనికి 30 శాతం ఎక్కువ సమయం పట్టినా ఒక్కో పనికి 29 శాతం దాకా శక్తి మిగులుతుంది. ఇంత లెక్క తెలిసిన చిప్ చూసేది మాత్రం పని భారాన్ని కాదు, ప్లగ్గును. అదే నెలలో ట్రాన్స్‌మెటా సంస్థ ప్రకటించిన ‘క్రూసో’ భారాన్నే గమనించి అనేక మెట్లలో ఎక్కుతూ దిగుతూ ఉండేది. ఆ సంస్థ మార్కెట్లో నిలదొక్కుకోలేకపోయినా, ఇజ్రాయెల్‌లోని హైఫాలో రూపొంది 2003లో విడుదలైన పెంటియం ఎం నాటికి ఆ పద్ధతి అందరిదీ అయింది.

ఇంతలో ట్రాన్సిస్టర్లు చిన్నవవుతున్న కొద్దీ, 2004 నాటి 90 నానోమీటర్ల చిప్‌లలో, ఆపివేసిన ట్రాన్సిస్టర్ గుండా కూడా కరెంటు కారిపోవడం పెద్ద సమస్యగా మారింది. ఈ లీకేజీకి పనితో నిమిత్తం లేదు; చిప్‌కు వోల్టేజి ఉన్నంతసేపూ అది సాగుతుంది కనుక నెమ్మదిగా, ఎక్కువసేపు నడవడం కొన్ని సందర్భాల్లో నష్టమే అయింది. పనిని చకచకా ముగించి నిద్రపోవడమే మేలన్న వాదం అప్పుడు బలపడింది. గడియారాన్ని మాత్రమే ఆపే తేలిక నిద్రకు తోడు, కోర్, అంటే ప్రాసెసర్‌లో లెక్కలు చేసే భాగం, తన స్థితినంతా చిన్న మెమరీలో దాచుకుని వోల్టేజిని దాదాపు సున్నాకు దించే ‘సీ6’ స్థితి 2008లో ల్యాప్‌టాప్‌లకు వచ్చింది.

అయితే గాఢనిద్రలోకి వెళ్లి రావడానికీ కొంత ఖర్చు ఉంది. తగినంతసేపు నిద్రపోకపోతే ఆ ఖర్చు కూడా తిరిగి రాదు. ఏ పనీ లేకపోయినా టైమరు కోసం సెకనుకు వందలసార్లు ప్రాసెసర్‌ను లేపే అలవాటును లినక్స్ 2007లో 2.6.21 వెర్షన్‌తో మానుకోవడం మొదలుపెట్టగా, అదే ఏడాది ఇంటెల్ విడుదల చేసిన ‘పవర్‌టాప్’ సాధనం ఏ ప్రోగ్రాము ఎన్నిసార్లు నిద్ర చెడగొడుతోందో పేరుపేరునా జాబితా కట్టింది. ఏమైనా మారిందా అని ఊరికే తొంగిచూసే చిన్నాచితకా ప్రోగ్రాములను వాటి రచయితలే సరిదిద్దుకోవలసి వచ్చింది.