డబ్బా మూత తీస్తే

దోహాలో బడికెళ్ళే పిల్లలున్న ప్రతి తెలుగింట్లోనూ పొద్దున్న అయిదింటికి మొదలయ్యే హడావిడి గురించి మీకు నేను కొత్తగా చెప్పక్కర్లేదు. ఆరింటికల్లా బస్సు వచ్చేస్తుంది. ఆ వేళకి పిల్లలకి ఆకలి వెయ్యదు. అరగ్లాసు పాలు తాగీ తాగకుండా పరిగెడతారు. తొమ్మిదిన్నరకో పదింటికో ఇచ్చే కాస్త విరామంలో తినేదే వాళ్ళకి నిజంగా మొదటి భోజనం. దాన్ని మనం 'స్నాక్స్ డబ్బా' అంటాం గానీ, అది పేరుకే.

కొన్నేళ్ళ క్రితం మా చిన్నవాడు వారం రోజులపాటు ఆ డబ్బా మూత తియ్యకుండానే ఇంటికి తెచ్చాడు. అందులో రెండు పెసరట్టు ముక్కలు, ఒక సున్నుండ పెట్టేదాన్ని. "ఎందుకు తినట్లేదురా?" అంటే ముందు నోరు విప్పలేదు. గుచ్చి గుచ్చి అడిగితే, "అందరూ చిప్సూ, చాక్లెట్ క్రోసాన్లూ తెచ్చుకుంటారమ్మా. నా సున్నుండ చూసి మట్టిముద్దా అని అడిగారు" అన్నాడు.

ఆ రాత్రి అమలాపురం దగ్గర మా ఊరికి ఫోన్ చేసి మా అమ్మ దగ్గర గోడు వెళ్ళబోసుకున్నాను. ఆవిడ నవ్వి, "మీ నాన్నగారు బళ్ళో ఏం తిన్నారో అడుగు" అని ఫోన్ ఆయన చేతికిచ్చింది.

నాన్నగారు చదువుకున్నది 1960ల్లో. బళ్ళో మధ్యాహ్నం ఉప్మా పెట్టేవారట. మొక్కజొన్న నూకతో చేసినది, పచ్చగా ఉండేదట. దాంతోపాటు పాలపొడి కలిపిన పాలు. రెండూ అమెరికా నుంచి ఓడల్లో వచ్చినవే. 1954లో అక్కడ చేసిన పబ్లిక్ లా 480 కింద మిగులు ధాన్యాన్ని బయటి దేశాలకి పంపేవారు. 'కేర్' సంస్థ దాన్ని మన బడుల దాకా చేర్చేది. "గిన్నె ఇంటినుంచి పట్టుకెళ్ళాలమ్మా. గిన్నె పట్టుకుని వరసలో నిలబడడం నామోషీ అనిపించి నేనో నెల తినలేదు" అన్నారు నాన్నగారు.

"మరి తరవాత?"

"తరవాతేముంది, ఆకలేసింది."

తాతకి గిన్నె నామోషీ, మనవడికి డబ్బా నామోషీ. మధ్యలో నేను! ఆ సంభాషణ నన్ను వదల్లేదు. బడికొచ్చిన బిడ్డ ఆకలి అసలు ఎవరి పూచీ? ఆ ప్రశ్న మనవాళ్ళలో ఎప్పుడు మొదలయిందో తెలుసుకుందామని తీరిక దొరికినప్పుడల్లా చదవడం మొదలుపెట్టాను.

వెతుక్కుంటూ పోతే మద్రాసు నగరంలో తేలాను. 1920లో అక్కడి కార్పొరేషన్‌కి అధ్యక్షుడు జస్టిస్ పార్టీ నాయకుడు పిట్టి త్యాగరాయ చెట్టిగారు. తెలుగు మాట్లాడే నేత కుటుంబంలో పుట్టినవారు. ఈనాటి టి.నగర్ ఆయన పేరు మీద వెలసినదే. థౌజండ్ లైట్స్‌లోని కార్పొరేషన్ బడికి పేదపిల్లలు రావడం లేదు, వచ్చినా నిలవడం లేదు. కారణం ఆకలే. పిల్లవాడికి రోజుకి ఒక అణా మించకుండా ఖర్చుపెట్టి బళ్ళోనే తిండి పెట్టాలని ఆయన హయాంలో కార్పొరేషన్ తీర్మానించింది. తరవాత మరి నాలుగు బడులకి దాన్ని విస్తరించారు. 1922-23లో ఆ అయిదు బడుల్లో 811 మంది పిల్లలుంటే 1924-25 నాటికి 1671 మంది అయ్యారు. అణా ఖర్చుకి అంత ఫలితం! అయినా ఆ ఖర్చు ప్రాథమిక విద్యానిధి నుంచి పెట్టడానికి ప్రభుత్వం ఒప్పుకోలేదు. 1925లో ఆ పథకం ఆగిపోయింది. చెట్టిగారు కన్నుమూసినదీ ఆ ఏడాదే.

1956లో కామరాజ్ తమిళనాట దాన్ని మళ్ళీ బతికించారు. 1982లో ఎం.జి.ఆర్. పెద్దది చేశారు. 1995 ఆగస్టు 15న కేంద్రం దేశమంతటికీ పథకం తెచ్చింది గానీ, చాలా రాష్ట్రాల్లో వండిపెట్టడం మాట అటుంచి, నెలకి మూడు కిలోల ధాన్యం చేతికిచ్చి పంపేవారు. వండిన అన్నమే పెట్టాలని 2001 నవంబరు 28న సుప్రీంకోర్టు చెప్పాక పరిస్థితి మారింది. మన ఆంధ్రప్రదేశ్ బడుల్లో 2003 జనవరి నుంచి పొయ్యి వెలిగింది. ఆ తరవాత రాష్ట్రం రెండయింది. తెలంగాణలో 2015 నుంచి సన్నబియ్యం అన్నం వచ్చింది. ఆంధ్రాలో 2020లో వేరుశనగ చిక్కీ, 2023లో రాగిజావ చేరాయి. 2024లో ఆంధ్రా పథకానికి డొక్కా సీతమ్మగారి పేరు పెట్టారు. మా కోనసీమలోని లంకల గన్నవరంలో, వేళకాని వేళ వచ్చినవాడికి కూడా లేదనకుండా అన్నం పెట్టిన మహాతల్లి ఆవిడ. పథకాల పేర్లు ప్రభుత్వంతోబాటు మారుతుంటాయి గానీ, ఈ పేరు చూసి మాత్రం మా ఊరివాళ్ళందరం సంతోషించాం.

అక్కడ బిడ్డ ఆకలి ఊరందరి పూచీ కావడానికి ఎనభై ఏళ్ళు పట్టిందన్నమాట. ఇక్కడికొచ్చిన మనకి ఆ పూచీ మళ్ళీ వంటింటి గట్టు మీదికే వచ్చింది. ఖతార్‌లో ఎమ్.ఇ.ఎస్. ఇండియన్ స్కూల్ 1974లో మొదలయింది. అప్పటినుంచీ ఎన్నో భారతీయ పాఠశాలలు వచ్చాయి. వేల డబ్బాలు పొద్దున్నే బస్సెక్కుతున్నాయి. ఏ డబ్బాలో ఏముండాలన్నది ఆ ఇంటివాళ్ళ ఇష్టం, ఓపిక, జేబు.

నిజం చెప్పాలంటే ఈ నేలకీ మన వంటింటికీ చుట్టరికం కొత్తది కాదు. 1949 చివర్లో మొదటి చమురు ఓడ కదిలేదాకా ఇక్కడివాళ్ళు ముత్యాల మీదా, చేపల మీదా, ఖర్జూరం మీదా బతికినవాళ్ళు. బియ్యం, మసాలాలు మన రేవులనుంచి తెరచాప పడవల్లో వచ్చేవి. 1966 దాకా ఇక్కడ చెలామణి అయింది రూపాయే. ఖతారీ ఇళ్ళల్లో పొద్దున్న చేసుకునే 'బలాలీత్' ఎప్పుడైనా తిన్నారా? సేమియాని యాలకులూ, కుంకుమపువ్వూ, పంచదారా వేసి వండి, పైన కోడిగుడ్డు అట్టు కప్పుతారు. మొదటిసారి తిన్నప్పుడు మన సేమియా పరాయి ఇంట్లో కనబడినట్టయింది నాకు.

ఇక 2017 సంగతి. జూన్ 5, రంజాన్ నెల. ఇరుగుపొరుగు దేశాలు సంబంధాలు తెంచుకుని సరిహద్దు మూసేశాయని పొద్దున్నే తెలిసింది. ఈ దేశం తినేదాంట్లో సుమారు 40 శాతం సౌదీ సరిహద్దు మీదుగా లారీల్లో వచ్చేది. పాలూ, పెరుగూ ఎక్కువగా అక్కడివే. సాయంత్రానికి సూపర్ మార్కెట్లో పాల అర ఖాళీ. బడులకి ఇంకా వేసవి సెలవులివ్వలేదు. మర్నాడు డబ్బాలో ఏం పెట్టాలో తెలియక వంటింట్లో నిలబడిపోయాను. కొద్దిరోజుల్లోనే విమానాల మీద టర్కీ పాలు వచ్చాయి. సీసా మీద భాష అర్థం కాక, బొమ్మ చూసి కొన్నాను. ఇరాన్ నుంచి కూరగాయలు, పళ్ళు వచ్చాయి. ముంద్రా, నవాషేవా రేవులనుంచి హమద్ పోర్టుకి నేరుగా ఓడలు మొదలయ్యాయి. జులైలో ఆవులే విమానమెక్కి వచ్చాయి! జర్మనీ నుంచి మొదటి విడత 165. ఎడారిలో పాడి నిలబడింది. 2021 జనవరిలో సరిహద్దు తెరుచుకునే నాటికి పాల కోసం ఎదురుచూడవలసిన అవసరమే పోయింది.

ఆ మొదటి వారంలో మమ్మల్ని ఆదుకున్నది మాత్రం అటకమీద డబ్బాలు. మినపపప్పు, పెసలు, రాగిపిండి, శనగలు, బెల్లం. ఇవన్నీ మా అమ్మ సూట్‌కేసులో కుక్కి పంపినవి. ఎక్కడో సరిహద్దు మూస్తే పాడయ్యే సరుకు కాదు కదా! హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ ఏళ్ళతరబడి చెబుతున్నదీ ఇదే. బియ్యమో గోధుమో ఏదో ఒకటి పప్పుతో కలిపి తింటే ఒకదాని లోటు ఇంకొకటి పూడుస్తుందని. నూరు గ్రాముల రాగుల్లో 350 మిల్లీగ్రాములకి అటూ ఇటుగా కాల్షియం ఉంటుంది. ఇక్కడి ప్రభుత్వం కూడా ఊరుకోలేదు. 2019 జనవరి నుంచి తీపి శీతల పానీయాల మీద 50 శాతం, ఎనర్జీ డ్రింకుల మీద నూరు శాతం సుంకం వేసింది.

ఒకసారి మా ఇంట్లో ఏసీ బాగుచెయ్యడానికి జగిత్యాల తమ్ముడొకడు వచ్చాడు. గట్టు మీద మూత తియ్యని డబ్బా చూసి, "పోరడు తినలేదా అక్కా?" అన్నాడు. సంగతి చెప్పాను. అతను నవ్వాడు. "మావోడు సర్కారు బడిల మూడో తరగతి అక్కా. ఫోన్ జేస్తే ముందుగాల అదే చెప్తడు. నాయినా, ఇయ్యాల గుడ్డు పెట్టిండ్రు అని. ఏడేండ్లాయె నేనొచ్చి. మధ్యల మూడుసార్లు పోయిన. ఆడు ఏం తింటుండో ఫోన్లనే ఇంటున్న."

కుటుంబాన్ని ఇక్కడికి తెచ్చుకోవాలంటే జీతం ఒక హద్దు దాటాలి. అతనిది దాటలేదు. అతని కొడుకు గిన్నెలో గుడ్డు పడడానికి వెనకాల నూరేళ్ళ కథ ఉంది. మా వాడి డబ్బా వెనకాల నేనొక్కదాన్నే ఉన్నాననుకున్నాను. కాదు. పడవలు, ఓడలు, విమానాలు, మా అమ్మ సూట్‌కేసు, ఇంకా ఇక్కడి చల్లగదుల్ని చల్లగా ఉంచుతున్న ఇలాంటి తమ్ముళ్ళు... అందరూ ఉన్నారు.

ఆ సాయంత్రం మావాణ్ణి కూర్చోబెట్టి ఇదంతా కథలా చెప్పాను. తాతగారి పచ్చ ఉప్మా దగ్గర గట్టిగా నవ్వాడు. గుడ్డు కబురు దగ్గర మాత్రం, "వాళ్ళ నాన్న ఎప్పుడెళ్తాడు?" అని అడిగాడు. నా దగ్గర జవాబు లేదు.

తరవాత ఇద్దరం ఒప్పందానికొచ్చాం. ఆదివారం బడి తెరిచిన రోజున రాగి అట్టు. సోమవారం పెసరట్టు, చుట్టచుట్టి. మంగళవారం శనగల గుగ్గిళ్ళలో దానిమ్మ గింజలు. బుధవారం వాడి కోరిక మీద బలాలీత్, పంచదార తగ్గించి. గురువారం ఖలాస్ ఖర్జూరాలు, చిన్న సున్నుండ. మే నెల ఎండల్లో పెరుగన్నం పులుస్తుంది కనుక పులిహోర. వేరుశనగ తేవద్దని బడినుంచి చీటీ వచ్చినప్పుడు, మన చిక్కీ వీళ్ళకేం చేసిందని విసుక్కున్నాను. క్లాసులో ఒక పాపకి అది ప్రాణం మీదికి తెస్తుందని తెలిశాక సిగ్గుపడి, పుట్నాలపప్పుతో చిక్కీ పట్టడం నేర్చుకున్నాను. పక్కింటి బిడ్డ క్షేమం చూడకుండా మన బిడ్డకి పెట్టే తిండి ఏం తిండి!

డబ్బా ఇప్పటికీ కొన్ని రోజులు సగమే ఖాళీ అయి వస్తుంది. మూత మాత్రం తీసి వస్తోంది.