పోయి వచ్చిన కార్బురేటర్

పాత కారుకు ఇంటి షెడ్డులోనే ఎలక్ట్రానిక్ ఫ్యూయల్ ఇంజెక్షన్ బిగిస్తే దాని చరిత్ర చెరిగిపోతుందని కొందరి బాధ. చరిత్ర చెప్పేది వేరు. 1958లో అమెరికాలో క్రైస్లర్ కొన్ని కార్లకు బెండిక్స్ వారి ఎలక్ట్రోజెక్టర్ అనే ఎలక్ట్రానిక్ ఇంజెక్షన్ అమర్చింది. అది మొరాయించడంతో చాలావాటికి మళ్లీ కార్బురేటర్లే బిగించారు. 1967లో బాష్ వారి డి-జెట్రానిక్ ఫోక్స్‌వ్యాగన్ 1600లో వచ్చాకే ఈ విద్య నిలదొక్కుకుంది. తర్వాత బౌలింగ్, గ్రిపో అనే ఇద్దరు రూపొందించిన మెగాస్క్విర్ట్ కిట్ దాన్ని సోల్డరింగ్ తెలిసిన ప్రతివాడి చేతికీ అందించింది.

కార్బురేటర్ గొంతులో గాలి దూసుకుపోతుంటే జెట్ గుండా పెట్రోలు దానంతటదే ఎగజిమ్ముతుంది. చలికీ, కొండ ఎత్తుకీ ఆ లెక్క తప్పుతుంది. ఇంజెక్షన్‌లో సెన్సర్లు గాలి ఒత్తిడినీ వేడినీ కొలిస్తే, కంప్యూటర్ ఇంజెక్టర్‌ను మిల్లీసెకన్ల లెక్కన తెరుస్తుంది. మరి అసలుతనం మాటేమిటంటారా? ట్యాంకుకు, బాడీకి కొత్త రంధ్రాలు పెట్టకుండా, విప్పిన కార్బురేటర్‌ను అటకమీద దాస్తే ఎప్పుడైనా తిరిగి బిగించుకోవచ్చు. 1958 కార్లకు జరిగిందీ అదేగా!