పెంపుడు కుక్కల యజమానుల బాధ్యతలు

పెంపుడు కుక్కల యజమానుల బాధ్యతలు అనగా కుక్కను పెంచుకొనేవారు ఆ జంతువు పట్ల, తమ కుటుంబం పట్ల, ఇరుగుపొరుగు వారి పట్ల నెరవేర్చవలసిన విధులు. ఆహారం, ఆశ్రయం, వైద్యం, టీకాలు, శిక్షణ, సంతాన నియంత్రణ, బహిరంగ ప్రదేశాలలో కుక్కను అదుపులో ఉంచడం వీటిలో ముఖ్యమైనవి. వీటిలో కొన్ని మర్యాదకు సంబంధించినవి కాగా, కొన్నింటిని ఉల్లంఘించడం భారతదేశంలో శిక్షార్హమైన నేరం. కుక్కకాటు వలన సంక్రమించే రేబీస్ వ్యాధి లక్షణాలు బయటపడిన తరువాత దాదాపు ఎల్లప్పుడూ మరణానికే దారితీస్తుంది. అందువలన కుక్కల పెంపకం ప్రజారోగ్యంతో ముడిపడి ఉన్నది.

నేపథ్యం

మానవుడు మచ్చిక చేసుకొన్న తొలి జంతువు కుక్క. మహాభారతంలోని మహాప్రస్థానిక పర్వంలో ధర్మరాజు వెంట చివరి వరకు నడిచినది ఒక కుక్కయే. తెలుగు పల్లెలలో ఇంటికి, పొలానికి, గొర్రెల మందకు కాపలాగా కుక్కలను పెంచడం పూర్వం నుండి ఉన్నది. ఇటువంటి కుక్కలు సాధారణంగా కట్టు లేకుండా తిరుగుతాయి. ఊరివారందరూ వాటికి పరిచితులే కనుక వాటి వలన ఇబ్బంది తక్కువ. నగరాలలో పరిస్థితి వేరు. అపార్టుమెంటులో పెరిగే కుక్కకు మెట్ల మీద, లిఫ్టులో, వీధిలో రోజూ అపరిచితులు, వాహనాలు, ఇతర కుక్కలు ఎదురవుతాయి. కుక్కను అదుపులో ఉంచవలసిన అవసరం ఇక్కడ మరింత ఎక్కువ.

కుక్కను తెచ్చుకొనే ముందు

కుక్క జీవితకాలం సుమారు 10 నుండి 13 సంవత్సరాలు. అంతకాలం ప్రతిదినం ఆహారం, వ్యాయామం, వైద్యం సమకూర్చగలమా అన్నది ముందుగా ఆలోచించుకోవాలి. దట్టమైన బొచ్చు గల సైబీరియన్ హస్కీ, సెయింట్ బెర్నార్డ్ వంటి శీతల ప్రాంతపు జాతులు తెలుగునాట వేసవి ఎండలకు తీవ్రంగా బాధపడతాయి. రాజపాళయం, ముధోల్ వంటి స్వదేశీ జాతులు, సాధారణ ఊరకుక్కలు ఈ వాతావరణానికి తట్టుకొంటాయి. అయితే ముధోల్ వంటి వేటజాతులకు పరుగెత్తే వీలు తప్పక ఉండాలి.

కుక్కల పెంపకం, విక్రయాలకు సంబంధించిన 2017 నాటి నియమాల ప్రకారం ఎనిమిది వారాల వయసు నిండని పిల్లలను అమ్మరాదు. తల్లి వద్ద, తోడిపిల్లల మధ్య పెరిగే ఈ కాలంలోనే కుక్కపిల్ల కాటు బలాన్ని అదుపు చేసుకోవడం నేర్చుకొంటుంది.

ఆరోగ్య సంరక్షణ

కుక్కపిల్లకు ఆరు నుండి ఎనిమిది వారాల వయసులో పార్వో, డిస్టెంపర్ మొదలైన వ్యాధుల నివారణ టీకాలు ప్రారంభిస్తారు. రేబీస్ టీకా సుమారు మూడు నెలల వయసులో వేసి, తరువాత పశువైద్యుని సలహా మేరకు, సాధారణంగా ఏడాదికొకసారి, తిరిగి వేయిస్తారు. టీకాల వివరాలు గల కార్డును యజమాని భద్రపరచాలి.

కుక్క పేగులలోని ఏలికపాముల గుడ్లు మలం ద్వారా నేలలో చేరి, మట్టిలో ఆడుకొనే పిల్లలకు సోకగలవు. అందువలన క్రమం తప్పకుండా నట్టల మందు త్రాగించాలి. పిడుదులను కూడా నివారించాలి.

ఆడకుక్క సాధారణంగా ఆరు నెలల నుండి ఏడాది వయసులో మొదటిసారి ఎదకు వస్తుంది. చూడికాలం సుమారు 63 రోజులు. పిల్లలను పెంచే ఉద్దేశం లేనివారు పశువైద్యునిచే సంతాన నిరోధక శస్త్రచికిత్స చేయించడం మంచిది.

శిక్షణ

కుక్కపిల్ల జీవితంలో మూడవ వారం నుండి సుమారు పద్నాలుగవ వారం వరకు గల కాలం కీలకమైనది. ఈ కాలంలో పిల్లలు, వృద్ధులు, గొడుగు పట్టుకొన్నవారు, సైకిళ్ళు, టపాసుల శబ్దాలు మొదలైనవి మెల్లమెల్లగా పరిచయమైతే, పెద్దయ్యాక వాటిని చూచి భయపడదు. కుక్కకాట్లలో చాలా భాగానికి కారణం క్రూరత్వం కాదు, భయం.

పిలిచినప్పుడు రావడం, కూర్చోవడం, ఆగడం, నోట పట్టినది వదలడం అనే నాలుగు ఆజ్ఞలు ప్రతి కుక్కకు నేర్పదగినవి. సరిగా చేసిన వెంటనే తినుబండారం ఇచ్చి మెచ్చుకోవడం ఉత్తమ పద్ధతి. కొట్టి నేర్పిన కుక్క భయం వలన కరిచే అవకాశం పెరుగుతుంది. గుర్రుమన్నందుకు శిక్షించరాదు. గుర్రుమనడం హెచ్చరిక. దానిని మానిపించిన కుక్క హెచ్చరిక లేకుండానే కరవవచ్చు.

మొరిగే కుక్క కరవదన్న సామెతను నమ్మి దగ్గరకు పోరాదు. శరీరం బిగుసుకొనడం, కన్ను తెల్లగుడ్డు కనబడేలా ఓరగా చూడడం, పెదవులు పైకెత్తడం, తోక కాళ్ళ మధ్య ముడుచుకొనడం కాటుకు ముందు కనిపించే గుర్తులు. తోక ఊపడం ప్రతిసారీ స్నేహానికి గుర్తు కాదు.

బహిరంగ ప్రదేశాలలో అదుపు

యజమాని పిలిచిన వెంటనే అన్నీ విడిచి వెనుదిరిగి వచ్చే కుక్కనే అదుపులో ఉన్నదని చెప్పవచ్చు. ఎంత మంచి కుక్క అయినా పిల్లి కనబడినప్పుడు, టపాసు పేలినప్పుడు పరుగెత్తవచ్చు. అందువలన వీధిలో మెడపట్టీ లేదా ఛాతీపట్టీకి తాడు కట్టి, దానిని ఆపగల బలం ఉన్న వ్యక్తి మాత్రమే నడిపించాలి. పాటించవలసిన ఇతర జాగ్రత్తలు:

* పట్టీకి యజమాని ఫోను నంబరు గల బిళ్ళ తగిలించాలి. చర్మం క్రింద అమర్చే మైక్రోచిప్ తప్పిపోయిన కుక్కను గుర్తించడానికి తోడ్పడుతుంది.
* "ఏమీ చేయదు" అని చెప్పి కుక్కను అపరిచితుల మీదికి పోనివ్వరాదు. కుక్క అంటే భయపడేవారికి దారి ఇవ్వడం యజమాని పని.
* కరిచే స్వభావం గల కుక్కకు జనసమ్మర్దంలో మూతికి చిక్కం వేయాలి. చిక్కంలో నోరు తెరచి వగర్చేందుకు చోటు ఉండాలి.
* మలాన్ని కాగితంతో లేదా సంచితో ఎత్తి చెత్తకుండీలో వేయాలి.
* పసిపిల్లలను ఏ కుక్క వద్దనైనా పెద్దల పర్యవేక్షణ లేకుండా విడువరాదు.

అదుపు అంటే రోజంతా గొలుసుతో కట్టి ఉంచడం కాదు. నిరంతరం కట్టివేసిన కుక్కకు వ్యాయామం ఉండదు. భయం కలిగినప్పుడు పారిపోయే వీలు లేక అది ఎదురు తిరుగుతుంది. అటువంటి కుక్క గొలుసు తెంచుకొన్ననాడు మరింత ప్రమాదకరం.

కుక్క కరిచినప్పుడు

గాయాన్ని వెంటనే ధారగా పడే నీటితో, సబ్బుతో 15 నిమిషాల పాటు కడగాలి. పసుపు, కారం, సున్నం, ఆకుపసర్లు పూయరాదు. ఆలస్యం చేయక వైద్యుని సంప్రదించాలి. టీకా వేసిన కుక్క కరిచినా, పైపై గీరుడు మాత్రమే అయినా ఇది తప్పదు. పూర్వం బొడ్డు చుట్టూ 14 ఇంజెక్షన్లు ఇచ్చేవారు. ఆ పాత టీకా వాడుక భారతదేశంలో 2000 దశాబ్ది మధ్యలో నిలిచిపోయింది. ఇప్పటి టీకాను చర్మం పొరలో ఇచ్చే పద్ధతిలో, మొదటి టీకా వేసిన రోజును సున్నగా లెక్కించి 0, 3, 7, 28 రోజులలో వేస్తారు. రక్తం కారిన గాయాలకు దీనితో పాటు ఇమ్యునోగ్లోబులిన్ కూడా అవసరం.

కరిచిన కుక్కను చంపక పది రోజులు గమనించాలి. కరిచిన సమయంలో దాని లాలాజలంలో రేబీస్ వైరస్ ఉంటే, సాధారణంగా ఆ గడువులోగా కుక్క జబ్బుపడి మరణిస్తుంది. కుక్క సంగతి తేలే వరకు చికిత్సను వాయిదా వేయరాదు. కరిచిన విషయాన్ని, టీకాల వివరాలను దాచకుండా బాధితునికి తెలియజేయడం యజమాని మొదటి బాధ్యత.

చట్టాలు

2024 జూలై 1 నుండి అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత 291వ సెక్షను ప్రకారం, తన వద్దనున్న జంతువు వలన మనుషులకు ప్రాణాపాయం లేదా తీవ్రమైన గాయం కలుగకుండా తగిన జాగ్రత్త తీసుకోనివారికి ఆరు నెలల వరకు జైలు, లేదా ఐదు వేల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ విధించవచ్చు. దీనికి ముందున్న భారతీయ శిక్షాస్మృతి 289వ సెక్షనులో జరిమానా పరిమితి వెయ్యి రూపాయలు. ఈ సెక్షను దృష్టిలో నేరం కుక్క కాటు కాదు, యజమాని నిర్లక్ష్యం.

కుక్కకు కూడా చట్టరక్షణ కలదు. 1960 నాటి జంతుహింస నిరోధక చట్టం 11వ సెక్షను ప్రకారం మరీ పొట్టి లేదా బరువైన గొలుసుతో అకారణంగా ఎక్కువసేపు కట్టి ఉంచడం, ఎప్పుడూ కట్టి ఉంచే కుక్కకు వ్యాయామం లేకుండా చేయడం, ఆకలిదప్పులకు గురయ్యేలా వదిలివేయడం నేరాలు. హైదరాబాదుతో సహా పలు నగరాలలో పెంపుడు కుక్కకు నగరపాలక సంస్థ వద్ద లైసెన్సు తీసుకోవాలి.

జాతిని బట్టి నిషేధించాలా, యజమాని ప్రవర్తనను బట్టి శిక్షించాలా అన్నది వివాదాస్పదం. 2024 మార్చిలో కేంద్ర ప్రభుత్వం 23 రకాల కుక్కల పెంపకంపై ఆంక్షలు సూచించగా, కర్ణాటక హైకోర్టు ఏప్రిల్‌లో ఆ ఉత్తర్వును కొట్టివేసింది. బ్రిటన్‌లో 1991 నాటి ప్రమాదకర కుక్కల చట్టం రెండు మార్గాలనూ అనుసరిస్తుంది. కొన్ని రకాలను నిషేధించడంతో పాటు, ఏ జాతి కుక్క అయినా అది గాయపరుస్తుందని ఎదుటివారు సహేతుకంగా భయపడే పరిస్థితి కలిగితే, కాటు జరగకపోయినా యజమానిని బాధ్యుని చేస్తుంది.

వీధికుక్కలతో సంబంధం

ఇంటి నుండి తరిమివేసిన పెంపుడు కుక్కలు, వద్దనుకొని వీధిలో విడిచిన పిల్లలు వీధికుక్కల సంఖ్యను పెంచుతాయి. వీధికుక్కలకు శస్త్రచికిత్స, టీకాలు చేయించడం 2023 నాటి జంతు జనన నియంత్రణ నియమాల ప్రకారం స్థానిక సంస్థల బాధ్యత. అయితే ఇళ్ళ నుండి కొత్త కుక్కలు వీధిన పడుతున్నంత కాలం ఆ కార్యక్రమం పూర్తి ఫలితం ఇవ్వదు. ఒక ప్రాంతంలోని కుక్కలలో కనీసం 70 శాతానికి టీకా వేస్తే రేబీస్ వ్యాప్తి ఆగుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. కుక్కల ద్వారా మనుషులకు సోకే రేబీస్‌ను 2030 నాటికి అరికట్టే లక్ష్యంతో భారత ప్రభుత్వం 2021 సెప్టెంబరు 28న, అనగా ప్రపంచ రేబీస్ దినం నాడు, జాతీయ కార్యాచరణ ప్రణాళికను ప్రారంభించింది.

ఇవి కూడా చూడండి

* కుక్క
* రేబీస్
* లూయీ పాశ్చర్
* పశువైద్యం
* జంతు సంక్షేమం