కడలి యడుగున కంటికానని జీవులు



బొబ్బిలి యనగానే 1757వ సంవత్సరము జనవరి 24వ తేదీన జరిగిన యుద్ధము మనకు స్ఫురించును. తాండ్ర పాపారాయని పౌరుషము నెరుగని పెద్దలు మన యూళ్లలో లేరు. నేడు నేను చెప్పబూనిన చరిత్రము వేరొకటి. ఇందు రాజులు లేరు, కోటలు లేవు. ఇందలి జీవులు ఆవగింజకంటె చిన్నవి. అయినను వాని బ్రదుకునకును మన యేటి నీటికిని దగ్గర సంబంధము కలదు.

మన వేగవతి నీరు సువర్ణముఖి నీటితోపాటు సంగమమున నాగావళిం జేరి, శ్రీకాకుళము మీదుగా ప్రవహించి, కల్లేపల్లియొద్ద సముద్రమున కలియును. శివరాత్రికి సంగమేశ్వరుని సేవించినవారికి ఈ త్రోవ తెలిసినదే. నీటితోపాటు మన పొలముల మన్నును కడలి యడుగునకు చేరుచున్నది.

ఆ మన్ను నిర్జీవము కాదు. దోసెడు తీసి సన్నని జల్లెడపట్టి సూక్ష్మదర్శినితో చూచిన, అందు దారపుపోగులవంటి పురుగులు, రొయ్యలకు దూరపు చుట్టములైన చిరుజీవులు, సున్నపు గుల్లలు కట్టుకొను ఏకకణ ప్రాణులు కానవచ్చును. చదరపు మీటరు బురదలో ఇట్టివి పదిలక్షలుండుట యరుదు కాదు. ఈ గుల్లజీవులను శాస్త్రజ్ఞులు ఫొరామినిఫెరా లందురు. ఈజిప్టు పిరమిడ్ల రాళ్లలో పప్పుగింజలవలె కనబడునవి పూర్వపు సముద్రముల ఇట్టి గుల్లలే. పనివారు తినగా మిగిలిన పప్పు రాయిగా మారినదని అచటివారు చెప్పుకొనుటను గ్రీకు పండితుడు స్ట్రాబో వ్రాసియుంచెను.

వీనిని వెదకుట యిటీవలి పని. 1872 మొదలు 1876 వరకు చాలెంజరను ఆంగ్లనౌక మహాసముద్రముల యడుగు శోధించెను గాని మన బంగాళాఖాతమునకు రాలేదు. పిదప ఇన్వెస్టిగేటరను నౌక మన జలములను పరిశీలించెను. అందు వైద్యుడుగా నుండిన ఆల్కాకు 1902లో ఆ యాత్రలను గ్రంథస్థము చేసెను. 1926లో స్థాపితమైన ఆంధ్ర విశ్వకళాపరిషత్తు వాల్తేరున నుండుటచే ఈ విద్య మన తీరమునకు వచ్చెను. 1952 ప్రాంతమున అమెరికానుండి వచ్చిన లాఫాండు అచట సముద్రపు నీటి చలనములను పరిశోధించెను. ఆచార్య గణపతియు చంద్రశేఖరరావును వాల్తేరు తీరపు ఇసుక రేణువుల నడుమ బ్రదుకు ప్రాణులను గూర్చి 1962లో ప్రకటించిరి. స్నానమునకు దిగువారు త్రొక్కి నడచు నిసుకయే వారికి గ్రంథమాయెను.

మన పైరులకువలె వీనికిని కారులు కలవు. వసంతమున నైరృతినుండి తీరము వెంబడి వీచు గాలి పైనీటిని లోపలికి త్రోయగా, అడుగునుండి చల్లని సారవంతమైన నీరు పైకి వచ్చును. దానితో కంటికానని పచ్చని నాచుజాతి పెరుగును. అది చచ్చి రాలి యడుగు ప్రాణుల కాహారమగును. శరత్కాలమున నీరు తిరిగి క్రిందికి దిగును. వానకారున వరదనీరు ఉప్పును తగ్గించును, బురద కప్పివేయును, అలలు ఇసుకను తిరుగదోడును. అందుచే ఏటిమొగల దగ్గర ఈ ప్రాణులు తరచుగా క్షీణించును. వరద తీసినపిదప వానిలో పెక్కు కొన్ని వారములలోనే తిరిగి వృద్ధినందును. వరద తెచ్చిన మన్నే తరువాతి పంటకు ఎరువు.

ఇక మనకేమి యందురా? రొయ్యపిల్లలును చేపపిల్లలును వీనిని తిని పెరుగును. వానిపై మన తీరపు బెస్తవారి కుండ పొయ్యి నెక్కును. తోటపల్లియొద్దను మడ్డువలసయొద్దను నీటిని నిలుపుట మన పొలములకు అవసరమే. కాని నిలిచిన నీటిలో మన్ను కొంత అచటనే దిగిపోవును. ఇసుక నధికముగా తవ్వినను, పురుగుమందును మురికిని ఏటిలో విడిచినను, ఆ ఫలము కడలి యడుగున కానవచ్చును. వరద పోయిన తరువాత కోలుకొను శక్తి ఆ ప్రాణులకు కలదు. ఏడాది పొడవున దిగు విషమునకు అట్టి తీతకాలము లేదు.

కావున వేగవతిలో నేదైన పారవేయబోవు పిల్లవానిని చూచినపుడు, పెద్దలు వానికి ఈ కథ చెప్పుదురుగాక. ఏరు మన యూరితో ముగియదు.