భయభక్తులు, ఇజ్జతు, దర్జా

ఎనుమాముల మార్కెట్టు యార్డులో మిర్చి బస్తాల నడుమ కూర్చున్న ఒక పెద్దాయనను, ధర నచ్చకపోతే సరుకు తిరిగి తీసుకుపోవచ్చు కదా అని అడిగాను. "వాపస్ కొంటవోతే ఊర్ల ఇజ్జత్ పోతది బిడ్డా" అన్నాడు. ఆ ఒక్క మాట నన్ను చరిత్రలోకి లాక్కుపోయింది.

ఇజ్జతు, దర్జా, హోదా - మూడూ అరబ్బీ మూలం నుండి పారసీ, ఉర్దూల మీదుగా మనకు చేరినవే. దర్జా అంటే మెట్టు. పై మెట్టు ఉన్నదంటే కింది మెట్టు మీద ఎవరో ఒకరు ఉండక తప్పదు. నిజాం కొలువులో జంగ్, దౌలా, ముల్క్, ఉమ్రా, జాహ్ అనే బిరుదులు అక్షరాలా అటువంటి మెట్లే. 1853 నుండి 1883 వరకు దివానుగా ఉన్న మీర్ తురాబ్ అలీఖాన్‌ను లోకం సాలార్‌జంగ్‌గానే ఎరుగును.

సంస్కృతం నుండి వచ్చిన మాటల దారి వేరు. గౌరవం అంటే బరువు, మర్యాద అంటే హద్దు. దంభానికి అసలు అర్థం కపటం. డాంబికుడు లేని బరువును ఉన్నట్టు చూపేవాడన్నమాట.

తూర్పు ఆఫ్రికాలోని బుగాండా ప్రజల లుగాండా భాషలో గౌరవాన్ని 'ఎకిటీబ్వా' అంటారు. భయపడటం అనే అర్థమున్న 'ఒకుట్యా' అనే క్రియ నుండి పుట్టిన మాట అది. వింతగా తోస్తుంది గాని, పెద్దల యెడల 'భయభక్తులు' ఉండాలనే మనకు అది అంత కొత్తదేమీ కాదు.

అయితే భక్తి తొలగి భయమొక్కటే మిగిలితే ఏమవుతుందో తెలంగాణ పల్లెలు చూశాయి. గడీ ముందు చెప్పులు విడిచి, "నీ బాంచన్ దొరా, కాల్మొక్త" అనడమే ఆనాటి మర్యాద. బాంచన్ అంటే బానిసను. తాత వయసు వెట్టివాణ్ణి దొరగారి పసిబిడ్డ సైతం "ఏరా" అనేవాడు. 1946 జులై 4న కడవెండిలో విసునూరు దేశ్‌ముఖ్ మనుషుల తూటాలకు దొడ్డి కొమురయ్య నేలకొరిగిన పిమ్మట రగిలిన సాయుధ పోరాటాన్ని మనం భూమి కోసం, భుక్తి కోసం జరిగినదిగా చదువుకున్నాం. అది ఒక పిలుపు కోసం కూడా జరిగిందని నాకు అనిపిస్తుంది.

దర్జాకు కింద ఒకడు కావాలి. పెద్దాయన చెప్పిన ఇజ్జతుకు ఆ అవసరం లేదు. తన ఊరి కళ్ళలో తాను నిలబడితే చాలు. నేను ఆయనను "మీరు" అన్నాను, ఆయన నన్ను "బిడ్డా" అన్నాడు. ఎనభై ఏళ్ళ క్రితం ఈ నేల మీద అంత సులువుగా దొరకని మాటలవి.